చీపురు లెక్కలు – 6: ఆ అక్క ఎవరి ఉద్యోగి?

ఈ మధ్య ప్రభుత్వ సంస్థల్లో ‘ఉద్యోగుల శ్రేయస్సు’ మాట బాగా వినిపిస్తోంది. ఒత్తిడి తగ్గించుకోమని వర్క్‌షాపులు పెడుతున్నారు. ఆఫీసులో చేసుకునే ఐదు నిమిషాల యోగాకు ఆయుష్ శాఖ 2021లో ‘వై-బ్రేక్’ అని యాప్ కూడా తెచ్చింది. మంచిదే. నేను అడిగేది ఒక్కటే: తెల్లారకముందే వచ్చి ఆ ఆఫీసు ఊడ్చి, మరుగుదొడ్డి కడిగే అక్క ఈ శ్రేయస్సులో ఉందా?

లేదు. ఆమె ఏజెన్సీ మనిషి. టెండరు మారితే కాంట్రాక్టరు మారతాడు, ఆమె చీపురు మారదు. ఇరవై ఏళ్లు ఊడ్చినా కొత్త ఏజెన్సీ కాగితాల్లో ఆమెకది మొదటి రోజే.

ఇది పొరపాటున జరిగింది కాదు మిత్రులారా. 1970 కాంట్రాక్టు కార్మిక చట్టం కింద 1976 డిసెంబర్ 9న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. కేంద్ర సంస్థల భవనాల్లో ఊడ్చే, కడిగే, దుమ్ము దులిపే, కాపలా కాసే పనులకు కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదంది. అలా కాంట్రాక్టు రద్దయిన చోట కార్మికులు నేరుగా సంస్థ ఉద్యోగులేనని 1996లో ఎయిరిండియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు రాసింది తెలుగు నేల దళిత బిడ్డ జస్టిస్ కె. రామస్వామి. ఐదేళ్లు తిరక్కుండానే, 2001 ఆగస్టు 30న, ‘సెయిల్’ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును తిరగదోడింది. 1976 నోటిఫికేషన్‌నూ కొట్టేసింది.

తర్వాత 2020 వృత్తి భద్రత కోడ్ వచ్చింది. సంస్థ ‘కోర్’ పనుల్లో కాంట్రాక్టు కూడదంటూనే, ఊడవడం, కడగడం, చెత్త ఎత్తడం కోర్ కాదని రాసుకుంది. సంస్థ పెట్టిందే ఆ పని కోసమైతే తప్ప! అంటే ఆసుపత్రిలో రక్తం కడగడం కోర్ కాదన్నమాట. ఒక్కరోజు కడగకుండా ఆపరేషన్ థియేటర్ నడపండి చూద్దాం.

బడ్జెట్ లేదంటారు. మరి ఏజెన్సీకి సర్వీసు చార్జీ కట్టడానికి ఎక్కణ్ణించి వస్తోంది?

ఒకప్పుడు పర్మనెంట్ స్వీపరు జీతమే మా వాడల్లో ఎందరినో డిగ్రీల దాకా చదివించింది. చీపురు మా పిల్లలకు వారసత్వంగా రావాలని నేననడం లేదు. దాన్ని వదిలించుకునే దారే ఆ జీతం, ఆ పెన్షన్. కులం మా చేతికి చీపురిచ్చింది. దాని వెంట వచ్చిన పెన్షన్‌ను ఔట్‌సోర్సింగ్ లాక్కుంది.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చి, తొలగింపుకు గురైన మహిళలను క్రమబద్ధీకరించమని 2024 డిసెంబర్‌లో, జగ్గో కేసులో, సుప్రీంకోర్టే చెప్పింది.

హెచ్‌ఆర్ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ప్రాజెక్టు కోసం కార్పొరేట్ ఆఫీసుల చుట్టూ తిరగకండి. మీ హాస్టల్ బాత్రూంలు కడిగే అక్కలు ఎందరు? ఎన్నేళ్ల నుంచి? ఏ ఏజెన్సీ? చేతికెంత వస్తోంది? పీఎఫ్, ఈఎస్‌ఐ కడుతున్నారా? సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబు ముందు ఆ అక్కలకు చదివి వినిపించండి.

జై భీమ్.