కరెంటు ఎక్కడ పోయింది?

కిందటి నెల ఇంట్లోని నీళ్ల మోటారు సంగతి ముచ్చటించుకున్నాము. ఈ నెల పాత మోటారు సైకిలు వంతు. తండ్రిగారి నాటి బులెట్టునో జావానో అమ్మ మనసొప్పక, నడుపుదామంటే ధైర్యం చాలక, వసారాలో నిలిపి ఉంచిన కుటుంబాలు మనలో కొన్నైనా ఉంటాయి. వారికి మా అనుభవం పనికిరావచ్చును.

మాది నాయనగారి 350 సీసీ బులెట్టు, 1972 నాటిది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడిన తరువాత తిరువొట్టియూరు కార్ఖానాలో తయారైన బండ్లలో అదొకటి. దాని బ్యాటరీ 6 వోల్టులది. నాయనగారు పోయిన తరువాత అమ్మివేద్దామని మా తమ్ముడు, ఉంచుకుందామని మేము. కొత్తదానిలా కనబడితే తమ్ముడి మనసు మారుతుందేమోనని, కిందటి సంక్రాంతికి ముందు బండినంతా విప్పించి నల్లరంగు వేయించాము. అద్దంలా మెరిసింది. అసలు తంటా అక్కడే వచ్చిందని అప్పుడు తెలియలేదు.

వైశాఖంలో ఆర్కాటులో బంధువుల పెళ్లి చూసుకొని, రాత్రివేళ వేలూరుకు తిరిగి వస్తున్నాము. వెనుక మా ఇంటావిడ. దారిలో వాన తగిలింది. ఉన్నట్టుండి దీపం పసుపుపచ్చబడి ఆరిపోయింది. ఇంజను రెండుమార్లు దగ్గి ఆగిపోయింది. వెనుక ఎర్రదీపమూ లేదు. చీకట్లో మమ్మల్ని చివరిదాకా చూడని ఒక లారీ, హారను మోగిస్తూ, మూరెడు దూరంలో దాటిపోయింది. ఆవిడ కోపపడలేదు. బండి దిగి కొంగు తలమీదికి లాక్కొని, "మీ తమ్ముడు చెప్పినట్టే ఇంక అమ్మేయండి" అని మాత్రం అన్నది.

మరునాడు మెకానిక్కు చూచి బ్యాటరీ పోయిందన్నాడు. కొత్తది వేయించాము. రెండు రోజులు నడిచి, మళ్లీ అదే కథ. ఈసారి వైరింగంతా మార్చాలన్నాడు. నెలాఖరున గుమాస్తా జేబుకు అది మించిన మాట. బండి ఇంటికి తోసుకొచ్చి, అటకమీది నాయనగారి పనిముట్ల పెట్టె దించాము. అందులో రెండు వైర్లు తగిలించిన బల్బు ఒకటి ఉన్నది. "కరెంటు పోయింది అనకూడదురా, దారి తెగింది అనాలి" అని ఆయన చెప్పేవారు. ఆ మాట పట్టుకొనే మొదలుపెట్టాము.

మొదట ఆమీటరు. ఇంజను ఆపి దీపం స్విచ్చి వేస్తే ముల్లు మైనస్ వైపు వాలాలి. ఒక్కసారిగా చివరికంటా కొట్టుకుంటే ఎక్కడో షార్టు అయినట్టు. వెంటనే బ్యాటరీ వైరు విప్పాలి. మామూలుగా వాలి, ఇంజను వేగంగా తిరుగుతున్నా ప్లస్ వైపు రాకపోతే ఛార్జింగు లోపం. అప్పుడు ఆల్టర్నేటరు, రెక్టిఫయరు చూడాలి. మా ముల్లు అసలు కదలలేదు. అంటే బ్యాటరీ నుండి కరెంటు బయలుదేరడమే లేదన్నమాట.

తరువాత బల్బు. ఒక వైరు బ్యాటరీ ఒక కొనకు, రెండవది రెండవ కొనకు తగిలించాము. బాగా వెలిగింది. బ్యాటరీ మంచిదే. ఇప్పుడు ఒక వైరు బ్యాటరీ కరెంటు కొనమీదనే ఉంచి, రెండవదాన్ని ఇంజను ఇనుముకు తగిలించాము. వెలగలేదు! దొంగ అక్కడ దొరికాడు.

సంగతి ఏమిటంటే, బండిలో కరెంటు వెళ్లడానికి వైరు ఉంటుంది గాని, తిరిగి రావడానికి చాలావరకు బండి ఇనుమే దారి. బ్యాటరీ రెండవ కొన నుండి ఒక పొట్టి వైరు వచ్చి చట్రానికి బోల్టుతో బిగిస్తారు. దానినే ఎర్తు అంటారు. మేము ముచ్చటపడి వేయించిన రంగు ఆ బోల్టు కిందకూడా పడింది. రంగులోంచి కరెంటు పోదు. బోల్టు మరల ఆనుకొని కొన్నాళ్లు ఎలాగో నడిచింది. వాన తడికి, అదురుకు అదీ వదిలింది. బ్యాటరీ మార్చినప్పుడు ఆ వైరు కదిలి మళ్లీ ఆనుకొన్నది గనుక రెండు రోజులు మోసగించింది. తప్పు బండిది కాదు, మా ముచ్చటది.

బ్యాటరీ విప్పి పక్కన పెట్టి, బోల్టు తీసి, ఉప్పుకాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాము. వైరు కొననున్న చిలుము కూడా గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన వాజలీను పూశాము. ఎర్తు కొన నుండి నేరుగా ఇంజను బోల్టుకు మరొక వైరు కూడా వేశాము. ఖర్చు ఒక పూట కాఫీ టిఫినుకు మించలేదు.

6 వోల్టుల బండికి ఈ శ్రద్ధ మరీ అవసరం. 30 వాట్ల బల్బు 12 వోల్టుల బండిలో 2.5 ఆంపియర్లు తీసుకుంటే, 6 వోల్టుల బండిలో 5 తీసుకుంటుంది. చిలుము పట్టిన అతుకు 0.2 ఓము అడ్డు పెట్టిందనుకోండి. 12లో పోయేది అర వోల్టు. 6లో పోయేది ఒక వోల్టు, అంటే ఆరో వంతు! దీపం పసుపుపచ్చబడటానికి అది చాలు.

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగిస్తాము. పరీక్షకు మరీ చిన్న బల్బు వద్దు. చెడ్డ అతుకు గుండా కూడా అది వెలిగి మోసగిస్తుంది. పాత ఇంగ్లీషు బండ్లలో ప్లస్ కొన ఎర్తుకు ఉండటం కద్దు, మీ బండిలో ఏది ఉన్నదో చూచుకొనే చేయిపెట్టండి. బ్యాటరీ విప్పేటప్పుడు ఎర్తు వైరు ముందు తీయండి, బిగించేటప్పుడు చివర బిగించండి. ఛార్జింగులో అంటుకునే వాయువు పుడుతుంది గనుక దగ్గర అగ్గిపుల్ల గీయకండి. ఫ్యూజు పోతే దాని బదులు రాగితీగ చుట్టకండి, వైర్లన్నీ కాలిపోగలవు.

మొన్న ఆదివారం తమ్ముడు వచ్చి, బండి ఎక్కి ఊరంతా తిరిగివచ్చి, "ఇప్పుడు అమ్మితే మంచి ధర వస్తుంది అన్నా" అన్నాడు. ఆ తగవు ఇంకా తేలలేదు. మా ఇంటావిడ మాత్రం బండి వెనుక కూర్చుంటున్నది. కాని ఎక్కేముందు, పగలైనా సరే, "దీపం వేసి చూపించండి" అంటున్నది. అది మంచి అలవాటే. మీరూ నేర్చుకోండి.