దేవదాసు చాలు, ఇక నవ్విద్దాం

గత ఏడాది వార్షికోత్సవంలో మేము వేసిన నాటిక మీకు గుర్తుండే ఉంటుంది. ప్రేమించిన అమ్మాయికి వేరొకరితో పెళ్లవుతుంది. హీరో గడ్డం పెంచి, కూల్‌డ్రింక్ పోసిన సీసా పట్టుకుని, దగ్గి దగ్గి స్టేజీ మీదే ప్రాణం విడుస్తాడు. చప్పట్లు మోగాయి. జూనియర్ తమ్ముళ్లు కొందరు కళ్లు తుడుచుకున్నారు. మొదటి బహుమతి మాకే వచ్చింది.

రెండు నెలలు తిరక్కుండానే మాలో ఒకడికి నిజంగానే అలాంటి దెబ్బ తగిలింది. పేరు రాయడం లేదు. వాడు స్టడీ అవర్‌కి రావడం మానేశాడు. మెస్‌లో కంచం ముందు కూర్చుని, తినకుండానే లేచిపోయేవాడు. గడ్డం పెంచాడు. ఒకరోజు పరీక్ష ఫీజు కట్టకుండానే ట్రంకుపెట్టె సర్దుకుని ఊరికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి మాకెవరికీ నిద్ర పట్టలేదు. బాధపడే పద్ధతి ఇదేనని స్టేజీ ఎక్కి వాడికి నేర్పింది మేమే కదా!

అందుకే ఈ ఏడాది ప్రేమలో దెబ్బతిన్న కథతోనే హాస్యనాటిక వేస్తున్నాం. “ఏడవాల్సిన చోట నవ్వులేమిటి?” అని కొందరు మిత్రులు అడిగారు. వారికి మా జవాబు ఈ వ్యాసం.

ప్రేమలో ఓడినవాడు తాగి తాగి చావాలన్న పాఠం మన తెలుగువాళ్లకు 1953 నాటి ‘దేవదాసు’తో బాగా వంటబట్టింది. వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు గారు నటించిన ఆ సినిమా గొప్పదే, కాదనం. కానీ చూసిన మేము అందులోని మనిషిని వదిలేసి సీసాను పట్టుకున్నాం.

49 ఏళ్ల తర్వాత, 2002లో, ఆయన కుమారుడు నాగార్జున గారు ‘మన్మథుడు’లో ప్రేమలో దెబ్బతిన్న మనిషిగానే నటించారు. దర్శకత్వం విజయభాస్కర్ గారిది, మాటలు త్రివిక్రమ్ గారివి. ఇందులో అభిరామ్ చచ్చిపోడు, ఆఫీసుకి వెళతాడు. ఆడవాళ్లంటే గిట్టదంటూ మాటకు మాట విసురుతాడు. హాలంతా నవ్వుతుంది. నిజానికి అతను ప్రేమించిన అమ్మాయి ప్రమాదంలో పోయింది. తెలిస్తే తట్టుకోలేడని, ఆమె వేరే పెళ్లి చేసుకుందని ఇంటివాళ్లు అబద్ధం చెప్పారు. ఆ అబద్ధం మీద కోపమే అతని నోట హాస్యమై వచ్చింది. ఏమాత్రం ఇష్టం లేకుండా ఆఫీసులో భరించిన హారికే చివరికి అతని మనసు మార్చింది. తండ్రి పార్వతి గుమ్మం ముందు రాలిపోతే, కొడుకు మళ్లీ ప్రేమించి బతికాడు. మాకు ఈ రెండో దారి కావాలి.

అయితే ఈ దారి తేలిక కాదని రిహార్సల్స్‌లో తెలిసింది. మొదటి వారం మేము జోకులు రాసుకుని గబగబా చెప్పుకుంటూ పోయాం. నవ్వింది మేమే, చూసినవాళ్లు కాదు. మా ఇంగ్లీషు సారు చెబితే 1940లో హోవార్డ్ హాక్స్ తీసిన ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ సినిమాను పదిమందిమి ఒక్క ఫోన్‌లో చూశాం. ఒకరి మాట పూర్తికాకముందే రెండోవారు అందుకుంటారు. సగం మాటలు అర్థం కాకపోయినా ఒక సంగతి పట్టుకున్నాం. మనసులో ఏదో దాచుకున్నవాడే ఎదుటివాడికి ప్రశ్న అడిగే సందివ్వడు. దాపరికం లేనిదే ఆ వేగానికి అర్థం లేదు.

అప్పుడు పుస్తకాల భాష తీసేసి మా భాష పెట్టాం.

“కండ్లల్ల నీళ్లేందిరా?”

“సాంబారుల కారం ఎక్కువైంది.”

“ఇయ్యాల మజ్జిగ చారు కదరా!”

దీనికి మా వంట చేసే అక్క కూడా గరిటె పట్టుకుని నవ్వింది. ఆ వెంటనే అందరూ ఒక్క క్షణం ఊరుకున్నారు. మాకు కావలసింది ఆ రెండూ.

ఇంకో తప్పును బాలికల హాస్టల్ చెల్లెళ్లు పట్టుకున్నారు. “ఎప్పుడూ దెబ్బతినేది అబ్బాయేనా అన్నా? మోసం చేసేది మేమేనా?” అన్నారు. నిజమే. ‘మన్మథుడు’లో ఆడవాళ్ల మీద వేసిన జోకుల్ని మేము కూడా తెచ్చుకుని వాడుకున్నాం. 2016లో తరుణ్ భాస్కర్ గారు తీసిన ‘పెళ్లిచూపులు’లో మనసు విరిగింది చిత్రకి. పొరపాటున వేరే ఇంటికి పెళ్లిచూపులకు వెళ్లిన అబ్బాయితో, తలుపు ఇరుక్కుపోయిన గదిలో, ఆమె తన కథ చెప్పుకుంటుంది. పని, పట్టుదల, మాటల పదును అన్నీ ఆమెకూ ఉన్నాయి. డబ్బింగ్ లేకుండా అక్కడికక్కడే రికార్డు చేసిన మాటలవి. ఆ సినిమా సంభాషణలకు జాతీయ పురస్కారం వచ్చింది. మేమూ మా హీరోయిన్‌కి సగం మాటలు, సగం బాధ పంచి ఇచ్చాం. ఆమె పరీక్ష ఫీజు లైన్‌లో పెన్ను అడుగుతుంది, కథ అక్కడ మలుపు తిరుగుతుంది.

చివరగా ఒక మాట. సినిమాలో మనసు విరిగినవాడికి పెద్ద ఆఫీసు ఉంటుంది, పారిస్ ప్రయాణం ఉంటుంది. మాకు బస్‌పాస్, స్కాలర్‌షిప్ ఉన్నాయి. మా ఊళ్లలో ప్రేమ సంగతి బయటపడితే మొదటి ప్రశ్న “మీరేమోళ్లు?” అనే. మా ప్రేమలు కథల్లోకి ఎక్కినా ఎక్కువగా చావుతోనే ముగుస్తాయి. పరువు పేరిట జరిగిన హత్యలు అబద్ధం కాదు, వాటిని మేము మరువం. కానీ మేము చచ్చిపోయేవాళ్లం మాత్రమే కాదు. అల్లరి చేసేవాళ్లం, అలిగేవాళ్లం, దెబ్బతిన్నా మళ్లీ ప్రేమించేవాళ్లం. హాస్యకథలో హీరో పక్కన చెంపదెబ్బలు తినే స్నేహితుడి వేషమే మాకు రాసిపెట్టి లేదు. నవ్వుతూ బతికే హీరో వేషం కూడా మాదే.

మా నాటిక పెళ్లితో ముగియదు. ఇద్దరూ ఫీజు కట్టి రసీదు తీసుకోవడంతో ముగుస్తుంది. ఊళ్లో ఉన్న మిత్రుడికి కబురు పంపాం, వస్తానన్నాడు. అపరాధ రుసుముతో ఫీజు కట్టే గడువు ఎప్పటిదాకా ఉందో కూడా చెప్పాం. డబ్బులు తలా కొంత వేసుకుని పెట్టాం.

మిత్రులారా, ఈసారి చప్పట్లు కొట్టకపోయినా ఫరవాలేదు, కడుపారా నవ్వండి.