తల్లినొదిలి పిల్లలకు కాపలానా?

మా వినగడపకు సముద్రం దూరమే. అయినా సముద్రపు రొయ్యలు వండుకునే ప్రతి ఇంటికీ ఈ పాపంలో వాటా ఉందంటాను.

ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వచ్చినట్టు, ఏటా చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు తాము పుట్టిన తీరం వెతుక్కుంటూ వస్తాయి. ఒక్కొక్కటి నూరు గుడ్ల దాకా పెడుతుంది. నాగాయలంక వైపునా, విశాఖ తీరంలోనూ జాలరి కుర్రాళ్లు, అటవీశాఖ వాళ్లు రాత్రంతా ఇసుకలో తిరిగి, గుడ్లు కుక్కలపాలూ నక్కలపాలూ కాకుండా ఏరి, కంచెలో పాతిపెట్టి 45 నుంచి 60 రోజులు కాపలా కాస్తారు. పిల్లల్ని నీళ్లలో వదిలేరోజు ఫోటోలు, చప్పట్లు. వాళ్ల శ్రమకు దణ్ణం పెట్టాల్సిందే.

మరి తల్లి సంగతి? తాబేలు పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. మరబోటు వలలో చిక్కితే ఊపిరాడక చచ్చిపోతుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కళేబరాలు కొట్టుకొచ్చాయి. వలకు ‘టెడ్’ అనే చట్రం బిగిస్తే తాబేలు బయటపడుతుంది, రొయ్యలు లోపలే ఉంటాయి. అది వాడటం లేదనే అమెరికా 2019లో మన సముద్రపు రొయ్యలు కొనడం ఆపేసింది.

కొంత చేప జారిపోతుందని జాలర్ల బాధ. నిజమే, ఆ నష్టం వాళ్లొక్కరే ఎందుకు మోయాలి? ప్రభుత్వం భరించాలి. ఆ తర్వాత చట్రం లేని బోటును కదలనివ్వకూడదు. పసిగుడ్డును పొత్తిళ్లలో దాచి, బాలింతను గాలికొదిలేసే ఇంటిని మనం ఇల్లంటామా?