ముందు పాదాలు చూడండి

రసాలకు పేరుపడ్డ నూజివీడు తోటల్లో చెప్పుల్లేకుండా తిరిగే పెద్దలను మీరు చూసే ఉంటారు. చక్కెర వ్యాధి ముదిరితే పాదాల నరాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. రక్తనాళాలు సన్నబడి రక్తం చాలినంత అందకపోతే ఆ పుండు ఒక పట్టాన మానదు.

ఇలాంటి కొన్ని పుండ్లకు, మిగతా చికిత్సతోబాటు, ఆక్సిజన్ గదిని కూడా వాడతారు. మూసిన గదిలో రోగిచేత మామూలు గాలికి రెండు, రెండున్నర రెట్ల పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. గోలీసోడా తెలుసుగా? పీడనం పెంచితే నీటిలో వాయువు ఎక్కువ కరుగుతుంది. రక్తంలోనూ అంతే. ఎర్రకణాలు దాదాపుగా తీసివేసిన పందులను మూడు రెట్ల పీడనంలో ఆక్సిజన్‌తో బతికించానని 1960లో హాలెండు శస్త్రవైద్యుడు బూరెమా ప్రకటించాడు.

అయితే అది మంత్రాల గది కాదు. కరిగిన ఆక్సిజన్‌ను మోసుకుపోయేదీ రక్తమే. నాళం పూర్తిగా మూసుకుపోతే ముందు దానిని తెరవాలి. పైగా అలాంటి గదులు ఏ కొద్ది పెద్ద ఆసుపత్రులలోనో ఉంటాయి.

అందుకే యంత్రం కంటే ముందు మీ కళ్లు పనిచేయాలంటాను. రోజూ సాయంత్రం తాతయ్య అరికాళ్లు, వేళ్ల సందులు చూడండి. తోటకు చెప్పులు వేసుకునే వెళ్లమనండి. చిన్న పుండైనా వెంటనే డాక్టరుకు చూపించండి. కాలు నిలబెట్టే వైద్యం ఇంట్లోనే మొదలవుతుంది!