తీరిక వేళ: పలకల కింది వంకర

1817 అక్టోబరు 12న బొంబాయిలో ఒక యుద్ధనౌక జలప్రవేశం చేసింది. దాని పేరు ట్రింకోమలీ. నిర్మాత పార్శీ జాతీయుడైన జంషెట్జీ బొమన్‌జీ వాడియా. కలప మలబారు టేకు. నెపోలియన్‌తో ఏళ్ల తరబడి సాగిన యుద్ధాల వలన ఇంగ్లండులో ఓక్ కలపకు కరువు ఏర్పడగా, బ్రిటిష్ నౌకాదళం భారతదేశపు టేకును ఆశ్రయించింది. ఆ నౌక పటాలను మొదట జావా అనే ఓడలో బొంబాయికి పంపారు. 1812 డిసెంబరులో, బ్రెజిల్ తీరానికి సమీపంలో, కాన్‌స్టిట్యూషన్ అనే అమెరికన్ నౌకతో జరిగిన పోరులో జావా నాశనమైంది. దానితో పాటు పటాలూ పోయాయి. తిరిగి మరొక ప్రతిని పంపిన తరువాతనే నిర్మాణం ప్రారంభమైంది. ఆ ట్రింకోమలీ నేటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో ఉంది. యూరప్‌లో ఇంకా నీటి మీద తేలుతున్న యుద్ధనౌకలన్నిటిలో అదే మిక్కిలి పురాతనమైనది.

ఇటువంటి నౌకకు చెక్కతో ప్రతిరూపం నిర్మించడం లోకంలో అనేకులకు ప్రీతిపాత్రమైన వ్యాసంగం. ట్రింకోమలీ తుపాకుల డెక్కు పొడవు సుమారు 150 అడుగులు. అరవయ్యవ వంతు కొలతలో నిర్మిస్తే అది రెండున్నర అడుగులవుతుంది. ఒక బల్ల మీద హాయిగా ఇముడుతుంది. కాని కొలత తగ్గినంత మాత్రాన కష్టం తగ్గదు. ప్రతిరూపంలో ఒక మిల్లీమీటరు దోషం అసలు నౌకలో ఆరు సెంటీమీటర్ల దోషంతో సమానం.

చూసేవారి దృష్టి ముందుగా డెక్కు మీద పడుతుంది. దాని అందచందాలను నిర్ణయించేవి మాత్రం దాని కింద దాగి ఉండే బల్క్‌హెడ్‌లు. నౌకను అడ్డంగా కోస్తే ఏ ఆకారం కనబడుతుందో ఆ ఆకారంలో ప్లైవుడ్‌తో తయారుచేసిన అడ్డుపలకలే ఇవి. నౌక వెన్నుదూలంలోని గాళ్లలో వీటిని వరుసగా నిలబెడతారు. అసలు నౌకలో ఈ ఏర్పాటు లేదు. అక్కడ దగ్గర దగ్గరగా అమర్చిన పక్కటెముకల వంటి వంపు కలపలు, వాటి మీద అడ్డుదూలాలు బరువును మోసేవి. ఆనాటి యుద్ధనౌకల్లో బల్క్‌హెడ్ అంటే చాలా చోట్ల గదుల మధ్య తేలికపాటి తడిక గోడ మాత్రమే. యుద్ధానికి సిద్ధం కావలసి వచ్చినప్పుడు దానిని ఊడదీసి ఫిరంగులకు చోటు కల్పించేవారు. ప్రతిరూపంలోనో, అదే పేరు గల వస్తువు మొత్తం భారాన్ని మోస్తుంది.

కాబట్టి జిగురు పూయకముందే పరీక్ష జరగాలి. ప్రతి అడ్డుపలకను గాడిలో ఉత్తగా నిలిపి, వెన్నుదూలానికి సరిగా లంబంగా ఉన్నదో లేదో మూలమట్టంతో చూడాలి. అంతా నిలిచిన తరువాత ఒక సన్నని, వంగే చెక్కబద్దను ముక్కు నుండి వెనుక వరకు ఆనించాలి. బద్ద ఏ పలకనూ తాకకుండా పోతే అక్కడ పల్లం ఉన్నట్లు. ఎక్కడైనా ఎగదన్నితే అక్కడ మిట్ట ఉన్నట్లు. మిట్టను గరుకు కాగితంతో అరగదీయాలి. పల్లంలో పలుచని చెక్కపేడు అతికించాలి. డెక్కుకు పైన పొడుచుకొని ఉండే పలకల కొసలు చేయి తగిలితే విరుగుతాయి గనుక, పని ముగిసే వరకు వాటిని జాగ్రత్తగా కాపాడుకోవాలి.

డెక్కు బల్ల వలె సమతలంగా ఉండదు. నీరు ఇరుపక్కలకూ జారిపోవడానికి వీలుగా మధ్యభాగం కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది; ముందు వెనుకలు కాస్త పైకి లేచి ఉంటాయి. అడ్డుపలకల పై అంచులలో ఈ వంపు సమానంగా రాకపోతే, పైన ఎంత నేర్పుగా పేర్చినా డెక్కు అలలు తిరుగుతుంది.

పలకలు పేర్చడంలోనూ ఒక న్యాయం ఉంది. అసలు నౌకలో ఒక పలక 24 అడుగుల పొడవు, 10 అంగుళాల వెడల్పు ఉన్నదనుకుంటే, ప్రతిరూపంలో అది సుమారు 12 సెంటీమీటర్ల పొడవు, నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు గల చిన్న బద్ద. పలక కొస ఎప్పుడూ ఒక దూలం మీదనే ముగియాలి. లేకుంటే దానికి ఆధారముండదు. పక్కపక్క పలకల కొసలు ఒకే దూలం మీదికి రాకూడదు. వస్తే అక్కడ డెక్కు బలహీనమవుతుంది. అందుచేత ఒకే దూలం మీద కలిసే రెండు కొసల నడుమ కనీసం మూడు నిండు పలకలు ఉండేటట్లు చూసేవారు. పేర్పు మధ్యరేఖ నుండి మొదలై రెండు పక్కలకూ సమంగా సాగాలి. ముక్కు దగ్గర నౌక ఇరుకవుతున్న కొద్దీ పలక కొస సూదిలా సన్నబడుతుంది. సూదికొనలో మేకు నిలవదు, నార కూరడానికీ వీలుకాదు. అందుకే పంతొమ్మిదవ శతాబ్దపు అనేక నౌకలలో అంచు పలకకు గంటు పెట్టి, అందులో మొండికొసను ఇమిడ్చేవారు.

పలకల మధ్య కనబడే నల్లగీతలు అలంకారం కోసం పెట్టినవి కావు. పాత తాళ్లను విప్పి తీసిన నారను సందుల్లో కూరి, పైన కరిగిన తారు పోసేవారు. ప్రతిరూపంలో పలక అంచుకు పెన్సిలు పూతో, నల్లకాగితపు పేడో చాలు. మరొక వింత ఏమిటంటే, టేకు నౌక ప్రతిరూపానికి టేకు అంతగా నప్పదు. దాని ముతక చార అరవయ్యవ వంతు కొలతలో తాడంత లావుగా కనబడుతుంది. మేపుల్ వంటి నున్నని కలపకు కొంచెం రంగు పూస్తే అసలు టేకు కన్నా ఎక్కువ టేకులా ఉంటుంది.

ఈ వ్యాసంగంలో తొందరపాటుకు పడే శిక్ష ఆలస్యంగా పడుతుంది. అడ్డుపలకలు నిలిపిన నాడు, “పైన డెక్కు కప్పేస్తుందిలే” అనే ఊరట మనసుకు కలుగుతుంది. నిజానికి డెక్కు దేనినీ కప్పదు. మూడు నెలల తరువాత, వందల బద్దలు అతికిన పిదప, దీపం పక్కనుంచి పడగానే కింది వంకర నీడగా పైకి తేలుతుంది. అప్పుడు చేయగలిగినది మొత్తం ఊడదీయడమే. అందువలన మొదటి బద్దకు జిగురు పూయకముందు ప్రతిరూపాన్ని కంటి ఎత్తున ఉంచి, ముక్కు వైపు నుండి అడ్డుపలకల వరుసను ఒకసారి పరికించడం మంచిది. ఏ మాత్రం సందేహం మిగిలినా మరొక రోజు గరుకు కాగితానికి కేటాయించాలి. ఆ ఒక్క రోజే తరువాతి నెలల శ్రమను కాపాడుతుంది.