నిలువు తెర, చాచిన చేయి: తాకుతెర కంప్యూటర్లపై ఒక వైద్యుని అభిప్రాయం

పిల్లల చదువు కోసమో, ఇంటి నుండి చేసే ఉద్యోగం కోసమో బల్ల మీద పెట్టుకునే కంప్యూటరు కొనదలచినవారు ఈమధ్య తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. వేలితో తాకితే పలికే తెర, అంటే టచ్‌స్క్రీన్, ఉన్నది కొనడం మేలా? దుకాణంలో చూసినప్పుడు అది ముచ్చటగానే ఉంటుంది. వేలితో తోస్తే పుట కదులుతుంది. రెండు వేళ్ళు విడదీస్తే బొమ్మ పెద్దదవుతుంది. ఫోనుకు అలవాటు పడిన చేతికి ఇంతకంటె సహజమైన పద్ధతి లేదనిపిస్తుంది. అయితే దుకాణంలో ఆ తెర ముందు మనం నిలిచేది రెండు నిమిషాలు. ఇంటిలోనో, కార్యాలయంలోనో దాని ముందు కూర్చునేది రోజుకు ఆరేడు గంటలు. రెండు నిమిషాల ముచ్చటను చూసి ఆరేడు గంటల పనిముట్టును ఎంచుకోరాదు.

నా అభిప్రాయం ముందే సూటిగా చెబుతాను. నిలువుగా నిలబడిన తెరను అప్పుడప్పుడు తాకడం వలన హాని లేదు. దానినే ప్రధాన సాధనంగా చేసుకుని, కీబోర్డును, మౌసును పక్కన పెట్టి, దినమంతా పనిచేయడం మాత్రం మన భుజానికి, మెడకు తగిన పని కాదు. ఈ లోపంలో వాడేవారి అలవాట్ల వంతు కొంత ఉన్నా, ఆ యంత్రాల రూపకల్పన వంతే ఎక్కువ.

కంటికి ఒక దూరం, చేతికి ఒక దూరం

కంప్యూటరు తెర కంటికి రమారమి చేయి చాచినంత దూరంలో ఉండాలని, 50 సెంటీమీటర్ల కంటె దగ్గరకు రాకూడదని, తెర పై అంచు కంటి మట్టానికి గాని అంతకు కొంచెం దిగువన గాని ఉండాలని వృత్తి ఆరోగ్య నిపుణులు చిరకాలంగా చెబుతున్నారు. అప్పుడు మెడ నిటారుగా ఉంటుంది, చూపు కొద్దిగా కిందికి వాలుతుంది.

చేతి సంగతి వేరు. పై చేయి పక్కటెముకల పక్కన వదులుగా వేలాడాలి. మోచేయి ఇంచుమించు లంబకోణంలో వంగాలి. ముంజేయి బల్లపై ఆనాలి. ఈ భంగిమలో వేళ్ళు శ్రమ లేకుండా అందుకోగలిగే చోటు ముంజేతి పొడవు మేర, మోచేతి ఎత్తున మాత్రమే ఉంటుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. తెరను కంటికి అనువైన చోట నిలిపితే దానిని తాకడానికి చేయి చాచి పైకెత్తాలి. చేతికి అనువుగా దగ్గరకు, కిందకు తెస్తే మెడ వంగుతుంది. తల బరువు దాదాపు 5 కిలోలు. అది వెన్నుపూసల మీద నిటారుగా నిలిచినంతసేపు మెడ కండరాలకు శ్రమ తక్కువ. ముందుకు వంగినకొద్దీ దానిని పట్టి ఉంచే భారమంతా ఆ కండరాల మీద పడుతుంది. కీబోర్డు, తెర వేరువేరుగా ఉన్నన్నాళ్ళు మనకీ చిక్కు కనబడలేదు. కంటి పని ఒకచోట, చేతి పని ఒకచోట జరిగేవి. తాకుతెర ఆ రెండింటినీ ఒకే గాజుపలక మీదకు తెచ్చింది. తెర పెద్దదైనకొద్దీ ఈ వైరుధ్యం పెరుగుతుంది.

మన పెద్దలు చేసుకున్న ఉపకరణాలను గమనించండి. గ్రంథ పఠనానికి వ్యాసపీఠం, దుకాణంలో గుమాస్తా చిట్టా రాసుకోవడానికి ఒడి దగ్గర పెట్టుకునే వాలుబల్ల, ఈ రెండూ ఏటవాలుగానే ఉంటాయి. ఏ పిల్లవాడూ పలకను గోడకు ఆనించి, చేయి చాచి అక్షరాలు దిద్దడు. ఒడిలో పెట్టుకుని దిద్దుతాడు. ఉపాధ్యాయులు నల్లబల్లపై నిలువుగా రాయడం లేదా అని ఎవరైనా అడగవచ్చు. రాస్తారు. కాని నాలుగు మాటలు రాసి చేయి దించుతారు, పిల్లల వైపు తిరుగుతారు, నాలుగడుగులు నడుస్తారు. ఆ విరామాలే వారి భుజాన్ని కాపాడతాయి. కుర్చీలో కూర్చుని తెరను తాకేవారికి ఆ విరామాలు దొరకవు.

భుజంలో జరిగేదేమిటి?

మనిషి ఒక చేయి బరువు అతని దేహభారంలో సుమారు 5 శాతం. అరవై కిలోల మనిషికి అది 3 కిలోలు. బిందెను నడుము మీద పెట్టుకుని మోసే స్త్రీ అదే బిందెను చేయి చాచి ఎంతసేపు పట్టుకోగలదు? బరువు మారలేదు. అది దేహానికి ఎంత దూరంలో ఉన్నదన్నది మారింది. చాచిన చేయి కూడా అటువంటి బిందెయే. ఆ భారాన్ని భుజం మీది డెల్టాయిడ్, మెడకు భుజానికి నడుమ ఉన్న ట్రపీజియస్, భుజపు కీలును చుట్టి ఉండే చిన్న కండరాలు మోస్తాయి.

కండరం సంకోచిస్తూ, సడలుతూ ఉన్నప్పుడు దానిలో రక్తం చక్కగా ప్రసరిస్తుంది. నడకలో పిక్కలు చేసే పని అటువంటిది. కదలకుండా బిగిసి ఉన్న కండరంలో మాత్రం లోపలి ఒత్తిడి పెరిగి సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. ప్రాణవాయువు తగినంత అందదు, వ్యర్థాలు పేరుకుంటాయి. మొదట బరువు, పిదప మంట, ఆపైన నొప్పి కలుగుతాయి. చేయి చాచి ఏదీ మోయకపోయినా భుజం అలిసిపోవడానికి కారణం ఇదే.

మరొక సంగతి. చేతిని పక్కకు గాని ముందుకు గాని ఎత్తినప్పుడు సుప్రాస్పైనేటస్ అనే కండరపు స్నాయువు, భుజం కొసన ఉన్న ఎముక పంచ కింద ఇరుకైన సందులో కదులుతుంది. చేయి 60 నుండి 120 డిగ్రీల వరకు లేచే మేరలో ఆ సందు మరింత ఇరుకవుతుంది. ఆ స్నాయువు ఇదివరకే వాచి గాని అరిగి గాని ఉన్నవారికి ఆ మేరలోనే నొప్పి హెచ్చు. నిలువు తెర పై భాగాన్ని తాకడానికి చేయి వెళ్ళేది సరిగ్గా అక్కడికే.

మధుమేహం ఉన్నవారిలో భుజపు కీలు బిగుసుకుపోయే వ్యాధి, ఫ్రోజెన్ షోల్డర్, ఇతరులలో కంటె ఎక్కువగా వస్తుంది. జడ వేసుకోలేకపోతున్నామని, చొక్కా తొడుక్కోలేకపోతున్నామని, అటక మీది డబ్బా అందుకోలేకపోతున్నామని వారు వైద్యుల వద్దకు వస్తారు. తాకుతెర వలన ఈ వ్యాధి పుడుతుందని నేను అనడం లేదు. కాని మధుమేహం ఇంత వ్యాపించిన మన సమాజంలో, నలభై, యాభై ఏళ్ళు దాటిన ఉద్యోగుల చేత చేయి ఎత్తి పనిచేయించే యంత్రాన్ని విచక్షణ లేకుండా బల్లల మీదకు తేవడం వివేకం కాదు.

తయారీదారులకు కొత్త విషయం కాదు

తాకుతెర నిన్న మొన్న పుట్టినది కాదు. ఇంగ్లండులోని మాల్వెర్న్ పట్టణంలో రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసిన ఇ.ఎ. జాన్సన్ 1965లోనే వేలి స్పర్శను గుర్తించే తెర గురించి ప్రకటించారు. విమాన రాకపోకల నియంత్రణ ఆయన దృష్టిలో ఉన్న ఉపయోగం. 1972లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంవారి ప్లేటో-4 విద్యాబోధన యంత్రాలకు తాకుతెరలు అమర్చారు. 1983లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ హెచ్‌పీ-150 అనే తాకుతెర కంప్యూటరును కార్యాలయాల కోసం విపణిలోకి తెచ్చింది. తెర చుట్టూ పరారుణ కిరణాల వల ఉండేది. వేలు ఆ కిరణాలను అడ్డగించిన చోటును యంత్రం గుర్తించేది.

నిలువు తెరను వాడేవారి చేతికి కలిగే అలసటకు కంప్యూటరు రూపకర్తలే ‘గొరిల్లా చేయి’ అని హాస్యంగా పేరు పెట్టుకున్నారు. ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ 2010 అక్టోబరులో, నిలువు తాకుతెర ప్రదర్శనలో బాగున్నా కొంతసేపటికి చేయి అలిసిపోతుందని, తమ పరీక్షలలో తేలినది ఇదేనని బహిరంగంగా చెప్పారు. అయినా 2012 అక్టోబరులో వచ్చిన విండోస్ 8, బల్ల మీది కంప్యూటరును కూడా పలక కంప్యూటరులా భావించి రూపొందింది. చిరపరిచితమైన స్టార్ట్ బటన్ మాయమైంది. కొన్ని సదుపాయాలు తెర అంచులలో దాగి ఉండేవి. జనం విసుక్కున్నారు. మరుసటి ఏడు 8.1 రూపంలో ఆ బటన్ తిరిగి వచ్చింది.

ఈ చరిత్రలో ఒక మంచి పాఠం కూడా ఉంది. 2016లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన సర్ఫేస్ స్టూడియో అనే 28 అంగుళాల కంప్యూటరు తెరను నిలువుగానూ ఉంచవచ్చు, కిందకు వాల్చి బల్లకు 20 డిగ్రీల ఏటవాలులోనూ ఉంచవచ్చు. చదివేటప్పుడు నిలువు, గీసేటప్పుడు వాలు. పాత గుమాస్తా బల్ల సూత్రమే ఇది. దాని ధర సామాన్యులకు అందుబాటులో లేనిది. అయినా శరీరధర్మానికి అనుగుణంగా యంత్రాన్ని మలచడం సాధ్యమేనని అది నిరూపించింది. మన దుకాణాలలో దొరికే చవక నమూనాలలో పెక్కింటికి తెరను కొద్దిగా వెనుకకు వాల్చడం తప్ప, ఎత్తు మార్చే వీలుండదు.

వేలు, గాజు, తెలుగు అక్షరం

కీబోర్డు మీద వేళ్ళు ఆనించి విశ్రమించవచ్చు. గాజు మీద ఆనిస్తే అదే నొక్కినట్టు లెక్క. అందుచేత వేళ్ళను, మణికట్టును గాలిలో నిలిపి ఉంచే ముంజేతి కండరాలకు విరామం ఉండదు. మీట కిందికి దిగిన స్పర్శ తెలియదు కనుక కొందరు అవసరానికి మించి గట్టిగా పొడుస్తారు.

మౌసు బాణపు మొన కొసంత చోటును కూడా చూపగలదు. వేలి కొస తెరను తాకే మేర ఒక సెంటీమీటరు వరకు ఉంటుంది. పైగా తాకబోయే బొమ్మను వేలే కప్పేస్తుంది. మౌసు కోసం చేసిన చిన్న చిన్న గుర్తులను వేలితో తాకబోతే ఒకటికి రెండుసార్లు తప్పుతుంది. తప్పిన ప్రతిసారి చేయి మళ్ళీ లేవాలి.

తెలుగు రాసేవారి భారం ఇంకొంచెం ఎక్కువ. ‘స్త్రీ’ అన్నది మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటరు లెక్కలో అది ఆరు గుర్తులు. తెర మీది కీబోర్డులో విడివిడిగా నొక్కితే ఆరు తాకిళ్ళు. వత్తులు, గుణింతాలు నిండిన ఒక పేజీ తెలుగును నిలువు తెరపై రాయించడమంటే ఆ మనిషి చేత చేతి కసరత్తు చేయించడమే.

మేలు చేసే చోటు

తాకుతెరను నేను పూర్తిగా తోసిపుచ్చడం లేదు. రైల్వే స్టేషనులో టికెట్టు ఇచ్చే యంత్రం, ఆసుపత్రి వాకిట వరుస సంఖ్య ఇచ్చే యంత్రం వంటివి తాకుతెరతో ఉండటమే సబబు. అక్కడ మనిషి అర నిమిషం నిలబడి వెళ్ళిపోతాడు. మౌసు పట్టడం తెలియనివారికి, కీళ్ళవాతం వలన మౌసు మీటను నొక్కలేనివారికి, కొందరు పక్షవాత రోగులకు వేలితో తాకడం గొప్ప వెసులుబాటు. మౌసుకూ దాని దోషాలు ఉన్నాయి. గంటల తరబడి ఒకే చేతితో, ఒకే తీరున వాడితే మణికట్టు నొస్తుంది. ఇటాలియన్ వైద్యుడు రామజ్జిని వృత్తి రోగాలపై ప్రచురించిన గ్రంథంలో, రాతగాళ్ళ బాధలకు ఎడతెగక కూర్చోవడం, చేతిని ఒకే తీరున కదిలించడం, మనసును అదేపనిగా బిగబట్టడం కారణాలని చెప్పాడు. ఈకకలం పోయి తాకుతెర వచ్చినా ఆ మూడూ అలాగే ఉన్నాయి. అందుచేత సాధనాలను మార్చి మార్చి వాడటం ఉత్తమం. తాకుతెర వాటిలో ఒకటిగా ఉంటే మేలే చేస్తుంది.

ఎవరు ఏమి చేయాలి?

తయారీదారులు ఎత్తు మార్చుకోగల, బాగా వాల్చుకోగల పీఠం లేకుండా బల్ల మీది తాకుతెరను అమ్మరాదు. ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రులు, పాఠశాలలు కంప్యూటర్లు కొనేటప్పుడు జ్ఞాపకశక్తి ఎంత, వేగమెంత అని కాగితం మీద రాసుకున్నట్టే, తెర ఎంత వాలుతుంది, ఎంత ఎత్తు మారుతుంది అన్నవి కూడా షరతులుగా రాసుకోవాలి. బిల్లుల గది వద్ద ఎనిమిది గంటలు తెరను పొడిచే ఉద్యోగిని ఆ యంత్రాన్ని ఎంచుకోలేదు. ఎంచుకున్నవారు దాని ముందు కూర్చోరు. నొప్పి మాత్రం ఆమెది. మందుల ఖర్చు, సెలవు దినాల కోత కూడా ఆమెవే. నా అభ్యంతరానికి మూలం ఇది.

తల్లిదండ్రులకు నా సలహా. తాకుతెర కోసం అదనంగా పెట్టే సొమ్ముతో ఎత్తు మార్చుకోగల కుర్చీ గాని, పిల్లవాని కాళ్ళు ఆనడానికి పీట గాని, మంచి దీపం గాని కొనండి.

ఇప్పటికే కొన్నవారు కింది జాగ్రత్తలు పాటించవచ్చు.

• రాయడానికి కీబోర్డు, సూక్ష్మమైన పనికి మౌసు వాడండి. పుటలు తిప్పడానికి, బొమ్మ పెద్దది చేయడానికి మాత్రమే తెరను తాకండి.

• ఎక్కువసేపు తాకవలసి వస్తే తెరను దగ్గరకు జరిపి, కిందకు దించి, బాగా వాల్చండి. మోచేతిని బల్లపై ఆనించండి. పని ముగిశాక తెరను మళ్ళీ దూరంగా నిలపండి.

• వాల్చిన గాజు మీద పై కప్పు దీపాలు ప్రతిఫలిస్తాయి. దీపం నేరుగా తెరపై పడకుండా బల్లను జరుపుకోండి.

• రెండు చూపుల కళ్ళద్దాలు ఉన్నవారు తెర ఎత్తుగా ఉంటే గడ్డం పైకెత్తి చూస్తారు. వారికి తెర ఇంకొంచెం దిగువన ఉండాలి.

• తెర మీది అక్షరాలను, గుర్తులను పెద్దవిగా అమర్చుకోండి.

• అరగంటకు ఒకసారి లేచి నాలుగడుగులు నడవండి. చేతులు దించి భుజాలను గుండ్రంగా తిప్పండి. కళ్ళు ఆర్పుతూ దూరపు వస్తువులను కాసేపు చూడండి.

భుజం నొప్పి రెండు మూడు వారాలకు మించి ఉన్నా, రాత్రి నిద్ర చెడగొడుతున్నా, చేయి పైకి లేవకపోయినా, వేళ్ళలో తిమ్మిరి గాని బలహీనత గాని కలిగినా వైద్యుని సంప్రదించండి. ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమట, ఆయాసం ఉంటే కంప్యూటరును నిందిస్తూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అది గుండె నొప్పి కావచ్చు.

కొత్త కంప్యూటరు కొనబోయేవారు దుకాణంలో ఒక చిన్న పరీక్ష చేయండి. కుర్చీ అడిగి కూర్చోండి. తెర పై మూలను తాకుతూ, దించుతూ పది నిమిషాలు పని చేసి చూడండి. ధర విషయం దుకాణదారు చెబుతాడు. మిగిలినది మీ భుజమే చెబుతుంది.