జాబితాలో పేరు లేనప్పుడు

గోదావరిఖని, రామగుండం కాలనీల్లో సాయంత్రమైతే బ్యాటు పట్టిన పిల్లలు కనబడుతూనే ఉంటారు. జట్టులోకి తీసుకోలేదని, పరీక్ష తప్పామని, ఉద్యోగపు జాబితాలో పేరు రాలేదని క్రుంగిపోయే పిల్లలనూ మేము చూస్తున్నాము. అట్టివారి కొరకు ఈ నెల ఒక క్రికెట్ ఆటగాని సంగతి వ్రాస్తున్నాము.

వి.వి.యస్. లక్ష్మణ్ 1974లో హైదరాబాదులో జన్మించారు. తలిదండ్రులిద్దరూ విజయవాడలో వైద్యులు. కుమారుడు వైద్యవిద్యను కాదని ఆటను ఎన్నుకొంటే వారు అడ్డుపడలేదు. 1996లో భారత జట్టులో చేరినా ఆయనకు చోటు నిలకడగా దక్కలేదు.

2001 మార్చిలో కలకత్తాలో మన జట్టు ఆస్ట్రేలియాకు 274 పరుగులు వెనుకబడి, ఫాలో ఆన్ ఆడవలసి వచ్చింది. అప్పుడు లక్ష్మణ్ 281 పరుగులు చేశారు. 14వ తేదీన ఆయన, ద్రావిడ్ పొద్దంతా ఒక్క వికెట్టూ పడనీయలేదు. ఓడిపోతామనుకొన్న ఆటను 171 పరుగుల తేడాతో గెలిచాము.

అయినను 2003 ప్రపంచ కప్పు జట్టులో ఆయన పేరు లేదు. ఎంతో నొచ్చుకొన్నారు గాని ఆట మానలేదు. ఆ డిసెంబరులోనే అడిలైడ్‌లో 148, మరుసటి నెల సిడ్నీలో 178 చేశారు. 2012లో విరమించేనాటికి 134 టెస్టుల్లో 8,781 పరుగులు చేశారు. ప్రపంచ కప్పులో మాత్రం ఒక్క ఆటా ఆడలేదు.

ఈ చివరి సంగతిని పిల్లలకు దాచకండి. కోరినదంతా దక్కుతుందని చెప్పడం అబద్ధం. ఒకటి దక్కకపోయినా చేయవలసిన పని ఇంకా మిగిలే ఉంటుందని చెప్పండి. పేరు రాని రోజున పొరుగింటి పిల్లవానితో పోల్చి చిన్నబుచ్చకండి. మరునాటి సాధనకు తోడుగా నిలవండి.